చిట్టెమ్మ జాడ రేడియోలో అడిగాం

2023లో బాపట్లలో ఒక చిన్న కమ్యూనిటీ రేడియోలో ప్రోగ్రామ్ ప్రొడ్యూసర్‌గా పనిచేసేదాన్ని. చుట్టుపక్కల ఊళ్లకి వినిపించే స్టేషన్ మాది. మాట్లాడేదీ ఆ ఊళ్లవాళ్లే, వినేదీ వాళ్లే. దూరంగా ఉన్నవాళ్లు ఫోన్‌లో వినేవాళ్లు. నేను తెనాలి నుంచి రైల్లో వచ్చి వెళ్లేదాన్ని.

ఆ ఏడాది డెబ్బై ఏడు ఉప్పెన మీద సంభాషణలు మొదలుపెట్టాం. నీళ్లలోంచి బతికి బయటపడ్డవాళ్ల నోటే ఆ చరిత్ర వినిపించాలని మా ఆశ. అలా రేపల్లె దిగువన ఒక పాలెంలో తులసమ్మ గారింటికి వెళ్లాను. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఉప్పెన నాటికి పదేళ్ల పిల్ల.

"చెల్లెలి చెయ్యి పట్టుకునే ఉన్నానండి. ఇంకో అల వచ్చింది. చూసుకుంటే నా చేతిలో ఏం లేదు" అంది. అమ్మానాన్నల శవాలు దొరికాయట. చెల్లెలు చిట్టెమ్మ దొరకలేదు.

మాటలయ్యాక రూమ్ టోన్ తీసుకుంటాం. అంటే ఆ గదిలోని నిశ్శబ్దాన్ని కాసేపు విడిగా రికార్డు చేస్తాం, ఎడిటింగ్‌లో అతుకులు తెలియకుండా. మాట్లాడకుండా కూర్చోమన్నాను. ఆవిడ కూర్చోలేకపోయింది.

"మా చెల్లెలికి ఎడమ కాలికి ఆరు వేళ్లండి. ఎవరో తీసుకెళ్లి పెంచుకునే ఉంటారు. ఎక్కడున్నా ఒక్కసారి కబురు పెట్టమనండి."

"ఇది కూడా రేడియోలో వెయ్యమంటారా?"

"అందుకేగా మీకు ఇదంతా చెప్పింది."

వేశాం. ఆ వారంలోనే రేపల్లె నుంచి దేవసహాయం గారని ఒక రిటైర్డ్ టీచర్ ఫోన్ చేశారు. ఫోన్‌లో చెప్పేది కాదు, ఒకసారి రమ్మన్నారు. వెళ్లాను.

ఉప్పెన తర్వాత చర్చి కుర్రాళ్లతో కలిసి శవాలు పూడ్చడానికి వెళ్లారట ఆయన.

"ఆ పాదం నాకు గుర్తుందమ్మా. మట్టి వేసేముందు చూశాను" అన్నారు. "చెప్పకపోతే ఆవిడ ఎదురుచూస్తూనే ఉంటుంది. చెబితే ఆ ఎదురుచూపు కూడా పోతుంది. ఏం చేద్దామంటారు?"

అది నేను తేల్చాల్సిన సంగతి కాదనిపించి పాలెం వెళ్లాను. ఆవిడ చేపలు ఎండబెడుతోంది.

"చిట్టెమ్మ గురించి ఒక కబురొచ్చిందండి. మంచిది కాదు. వింటారా, వద్దా?"

చేతులు కొంగుకి తుడుచుకుని అరుగు మీద కూర్చుంది. నా మొహం చూసేసరికే సగం అర్థమై ఉంటుంది.

"చూసినాయన్ని తీసుకురండి. ఆయన నోటే వింటాను" అంది.

మర్నాడు మాస్టారిని తీసుకెళ్లాను. రికార్డర్ సంచిలోంచి తియ్యలేదు. ఆయన చూసింది చూసినట్టు చెప్పారు. ఆవిడ ఏడవలేదు. తలొంచుకుని విని, "ఒక్కదాన్నే పెట్టారా అయ్యా?" అంది.

"లేదమ్మా. పిల్లలందర్నీ పక్కపక్కన పడుకోబెట్టాం."

"అయితే నయం. ఒంటరిగా పడుకోవాలంటే దానికి భయం."

మాస్టారు కళ్లజోడు తీసి కొంగలా మెడ వంచుకుని కూర్చుండిపోయారు. ఆవిడే అడిగింది, ఆ చోటు చూపిస్తారా అని.

"అక్కడ రొయ్యల చెరువులు తవ్వేశారమ్మా" అన్నారాయన, తనే తవ్వినట్టు.

కార్యక్రమం మళ్లీ వేసేటప్పుడు కబురు పెట్టమన్న మాట తీసేయమంది. తీసేశాను. ఆ కాసిన్ని మాటలు కత్తిరించడం నాకు చాలా కష్టమైంది.

కొన్ని నెలలకి రేపల్లె మార్కెట్‌లో కలిసింది. బాగున్నారా అంటే, "బాగానే ఉన్నానండి. మా చెల్లెలి వయసు ఆడమనిషి ఎదురైతే ఇప్పటికీ కాలి వంకే చూస్తున్నాను. ఎందుకో మరి" అంది.

రేడియోలో మనం అడిగేస్తాం, ఎవరో వింటారు, అంతటితో అయిపోతుందనుకునేదాన్ని. అడిగిన ప్రశ్నకి ఎక్కడో జవాబు ఉండి ఉంటుందని, అది ఏ రోజైనా నడిచి రావచ్చని అప్పుడు తెలిసింది. ఇప్పుడు మైకు పెట్టేముందు, "దీనికి జవాబొస్తే వినగలరా?" అని అడుగుతాను. కొందరు కాసేపు ఆలోచించి వద్దంటారు. అప్పుడు మైకు సంచిలో పెట్టేసి, వాళ్లు చెప్పేది ఊరికే కూర్చుని వింటాను.