వరసలో నా చెప్పులు

మా పేటలో ఎవరికైనా గాలి సోకిందంటే మొదట నవ్వేవాణ్ణి నేనే. ఇరవై ఏళ్ళుగా ఫొటో స్టూడియో నడుపుతున్నాను. ఫొటోలో ఏదో నీడ పడిందని కంగారుగా వచ్చేవాళ్ళకి, అది లెన్సు మీద మరకో ఫ్లాష్ తప్పో చూపించి పంపడం నాకు సరదా. ఇది కూడా అలాగే ఎవరైనా నాకు విడమరిచి చెబితే బాగుండునని రాస్తున్నాను.

పెళ్ళిళ్ళు లేని రోజుల్లో కెమెరా తగిలించుకుని పాడుబడ్డ చోట్లకి పోవడం నాకొక పిచ్చి. మూతబడ్డ సినిమా హాళ్ళు, పొగాకు కాల్చే బ్యారన్లు, అన్నిటికన్నా ఎక్కువగా ఆసుపత్రులు. తుప్పు పట్టిన మంచాలు, వెలిసిపోయిన కంటి పరీక్ష అట్ట, విరిగిన కిటికీలోంచి మంచం మీద పడే ఎండ. పెళ్ళిలో నవ్వండి నవ్వండి అని గొంతు పోతుంది. అక్కడ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

అసలు కారణం వేరే ఉందేమో. అప్పటికి ఆరు నెలలుగా నా మెడ పక్కన ఒక గడ్డ ఉంది. మొదట కందిగింజంత, తర్వాత రేగిపండంత. నొప్పి లేదు. చూపించుకోమని మా ఆవిడ సుజాత రోజూ పోరేది. నేను కాలరు పైకి లాక్కుని ఏదో పని చెప్పి తప్పించుకునేవాణ్ణి. డాక్టరు నోట ఏ మాట వినాల్సి వస్తుందోనని భయం, అంతే.

"డాక్టర్లు లేని ఆసుపత్రులకి ఎగేసుకుని పోతారు. డాక్టరున్న చోటికి మాత్రం కాళ్ళు రావు మీకు" అని ఆ రోజు పొద్దున కూడా అంది.

అద్దంకి వైపు, రోడ్డుకి లోపలగా, మిర్చి చేల మధ్య ఒక పాత ధర్మాసుపత్రి ఉంది. మూతబడి చాలా ఏళ్ళయింది. మిట్టమధ్యాహ్నానికి చేరాను. గేటు పక్క కల్లంలో ఆరబోసిన మిర్చికి ఒక ముసలావిడ కాపలా ఉంది. ఫొటోలు తీసుకుంటానంటే, "ఏముందబ్బాయ్ అందులో, గబ్బిలాలు తప్ప! పో, తీసుకో" అంది.

వరండా చివర డాక్టరు గది. తలుపుకి తుప్పు పట్టిన తాళం. ఒక మూలన నాలుగు జతల పాత చెప్పులు ఎండి వంకర్లు తిరిగి ఉన్నాయి. ఎరువుల కొట్టు ముందు మనవాళ్ళు చెప్పులు వరసలో పెట్టి నీడకి పోయి కూర్చుంటారు కదా, అది గుర్తొచ్చింది. ఆ నాలుగు జతల్నీ డాక్టరు గది తలుపు ముందు ఒకదాని వెనక ఒకటి పేర్చాను. ఐదైతే ఇంకా బాగుంటుందనిపించి, నావి కూడా విప్పి చివర పెట్టాను. వెళ్ళిపోయిన రోగుల వరస. ఫొటో తీస్తే అదిరింది.

వట్టి కాళ్ళతో ఎదురుగా ఉన్న వార్డులోకి వెళ్ళి పది నిమిషాలు ఫొటోలు తీశాను. తిరిగొచ్చేసరికి నా చెప్పులు మూడో చోట ఉన్నాయి.

నేనే మతిమరుపుతో అలా పెట్టానేమో అనుకున్నాను. అయినా ఎందుకో ఒక ఫొటో తీసి, మళ్ళీ ఎత్తి చివర పెట్టాను. లెన్సు మార్చుకోవడానికి అటు తిరిగాను. వెనక బండ మీద రబ్బరు ఈడ్చిన చప్పుడయింది. ఒక్కసారే. తిరిగి చూస్తే నా జత అన్నిటికన్నా ముందు, తలుపుకి ఆనుకుని ఉంది. మిగతా నాలుగూ దాని వెనక, అదే వరసలో.

కెమెరా గుండెలకి హత్తుకుని, కాలుతున్న నేల మీద గేటు దాకా పరిగెత్తాను.

"లోపల ఎవరన్నా ఉన్నారా మామ్మా?"

"ఎవరుంటారు? పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నాగా, పోయింది నువ్వొక్కడివే. నీ చెప్పులేయి?"

జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వకుండా, కుండలో నీళ్ళు నా కాళ్ళ మీద పోసింది.

"అప్పట్లో మాకదే పద్ధతబ్బాయ్. చెప్పులు వరసలో పెట్టి మనుషులం చెట్టు కింద కూర్చునేవాళ్ళం. ఎవడికన్నా ప్రాణం మీదికొచ్చిందనుకో, వరసలో ఉన్నవాళ్ళే లేచి వాడి చెప్పులు ముందుకి జరిపేవాళ్ళు. వాడు అడగక్కర్లా. చూస్తే తెలిసేది."

నా చెయ్యి అప్పటికే మెడ మీద ఉంది.

ఇంటికెళ్ళి సుజాతకి రెండు ఫొటోలూ చూపించాను. ఒకదాంట్లో నా జత చివర, రెండోదాంట్లో మూడో చోట. మొదటి చోట ఉన్నది తియ్యకుండానే పరిగెత్తాను. తను చాలాసేపు చూసింది. "దెయ్యమా కాదా అని నన్నడక్కండి. రేపు పొద్దున్నే గుంటూరు పోతున్నాం" అని, నా కాళ్ళ బొబ్బలకి మందు రాస్తూ ఏడ్చింది.

గడ్డ మంచిది కాదు. ఇంకా పాకలేదని, తీసేస్తే సరిపోతుందని డాక్టరు అన్నాడు. ఆ వారమే ఆపరేషన్ అయింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. మూడు నెలలకోసారి చెప్పించుకోకుండానే వెళ్ళి చూపించుకుంటున్నాను.

భయంలో నువ్వే జరిపి మర్చిపోయుంటావు అంటారు స్నేహితులు. నేనూ అలాగే సర్దిచెప్పుకుందామని చూశాను. కానీ రెండో ఫొటోని పెద్దది చేస్తే, నా చెప్పుల వెనక దుమ్ములో గీతలున్నాయి. నేనైతే చెప్పుల్ని చేత్తో ఎత్తే పెట్టాను, ఈడ్చలేదు. ఆ గీతలు చూస్తే, వరస పక్కనుంచి వాటిని ఎవరో నెట్టుకుంటూ తెచ్చినట్టుంది.

తర్వాత ఒకసారి పగలే, సుజాతని తోడు తీసుకుని వెళ్ళాను. నాలుగు జతలూ ఆ తలుపు ముందు అలాగే ఉన్నాయి. నావి లేవు. ఎవరైనా ఎత్తుకుపోయి ఉండొచ్చు, కొత్తవే కదా.

సుజాత ఆ నాలుగు జతలకీ దణ్ణం పెట్టింది. నేనూ పెట్టాను. తమ వంతు నాకిచ్చిన వాళ్ళెవరో నాకీ రోజుకీ తెలియదు.