నా నోట వచ్చిన అంకె

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. పీహెచ్‌డీ చేసేవాడికి దయ్యం ప్రత్యేకంగా అక్కర్లేదు, గైడు ఉంటాడు. కాబట్టి ఇందులో తెల్లచీర కోసం, గజ్జెల చప్పుడు కోసం వెతక్కండి. జరిగిందంతా పట్టపగలు, పక్కన మనుషులుండగా జరిగింది.

మాది గుడివాడ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బందరులో పరిశోధన చేస్తుండేవాణ్ణి. దివిసీమ బావుల్లో, బోరింగుల్లో ఉప్పెంత ఉందో కొలవడం నా పని. సముద్రం పక్క నేలలో ఉప్పుందని తేల్చడానికి ఇన్నేళ్లా అని మా నాన్న అడిగేవాడు. న్యాయమైన ప్రశ్నే.

నా గైడు జీవరత్నం మాస్టారు. మేం సీసాల్లో నీళ్లు తెస్తే వెంటనే మీటరు పెట్టనిచ్చేవారు కాదు. ముందు ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, పక్కకి ఉమ్మేసి, లీటరుకి ఇన్ని మిల్లీగ్రాముల ఉప్పని ఒక అంకె చెప్పేవారు. ఆ తర్వాతే మీటరు. రెండూ కాస్త అటూ ఇటూగా కలిసేవి. కొలిచేదేమిటో నోటికి తెలియనివాడు మీటరు ఏం చూపించినా రాసుకుంటాడని ఆయన వాదన. శిష్యులందరికీ ఇదే శిక్షణ. నేను చెప్పిన అంకె మాత్రం ఎప్పుడూ మీటరు దరిదాపుల్లో ఉండేది కాదు.

“నీది నాలుకా, చెప్పుల అట్టట్రా?” అనేవారు.

“అట్ట కాబట్టే హాస్టల్లో తిని బతుకుతున్నానండీ” అనేవాణ్ణి.

ఒక వేసవిలో, ఆదివారం ప్రార్థన నుంచి ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్న మాస్టారు మళ్లీ లేవలేదు. నేను ఏడవలేదు. సమాధుల తోటలో వచ్చినవాళ్లకి కుర్చీలు వేశాను. ఎవరో పలకరిస్తే, “నా థీసిస్ మీద సంతకాలు పెట్టకుండా తప్పించుకున్నారండీ” అన్నాను. వాళ్లు నవ్వలేదు. నాకూ ఏమీ అనిపించలేదు.

ఆ వారంలోనే నోటికి రుచి పోయింది. అమ్మ చేసిన గోంగూర పచ్చడి తింటుంటే తడిగుడ్డ నమిలినట్టుంది. గుడివాడ డాక్టరు నీరసమని బలం మాత్రలు రాశాడు. మాత్రలకీ రుచి లేదు. అది ఒక రకంగా లాభమే. నెలలు గడిచినా రుచి రాలేదు. బాధగా కూడా లేదు. భోజనాలవేళ అయింది కాబట్టి తినేవాణ్ణి, అంతే.

విభాగంవాళ్లు నన్ను కొత్త గైడు సుధాకర్ సార్‌కి అప్పగించారు. మంచివాడే. అనుమానం ఆయన వృత్తిధర్మం. నా థీసిస్‌లో చెప్పుకోదగ్గది ఒకే అధ్యాయం. నాగాయలంక దాటాక ఒక పల్లెలో చుట్టూ ఉప్పునీళ్లే, ఒక్క బోరింగులో మాత్రం మంచినీళ్లు. దాని కింద పాత ఏటి ఇసుక ఉందని, అందులో మంచినీరు నిలిచి ఉందని మాస్టారి సిద్ధాంతం. సార్ ఆ పేజీలు చూసి, “ఇవి మీటరు చూపించిన అంకెలా, మీ మాస్టారి నోటి అంకెలా?” అన్నారు. స్వయంగా వచ్చి కొలుస్తానని, కలవకపోతే అధ్యాయం తీసేయాల్సిందేనని చెప్పారు.

తీసేస్తే నా డిగ్రీ పోతుంది. దానికి మించి, నోటితో లెక్కలు రాసిన మనిషిగా మాస్టారి పేరు విభాగంలో మిగిలిపోతుంది. నాకు భయం వేసి ఉండాల్సింది. వెయ్యలేదు.

ఇద్దరం వెళ్లాం. సార్ తన మీటరే తెచ్చుకున్నారు. ఆ బోరింగు నీళ్లలో ముంచితే ఆరు వందల లోపు చూపించింది. అంటే శుభ్రమైన మంచినీళ్లు. మా పాత అంకెలకి సరిగ్గా సరిపోయింది.

“సరే, అధ్యాయం ఉంచుకో” అన్నారు సార్.

పక్కింటి వెంకాయమ్మ గారు ఎండన పడి వచ్చామని అదే బోరింగు నీళ్లు గ్లాసుతో ఇచ్చింది. నోట్లో పోసుకున్నాను. నెలల తరబడి ఏ రుచీ తెలియని నోట్లో ఉప్పు భగ్గుమంది.

“మూడు వేల నూట నలభై” అన్నాను.

అన్నాను అని రాస్తున్నాను గానీ, నేను అనుకుని అన్న మాట కాదది. నీళ్లు పక్కకి ఉమ్మేశానని, అప్పుడు నా కళ్లు మూసి ఉన్నాయని తర్వాత సార్ చెబితే తెలిసింది.

మాస్టారి అంకెలు విన్నదే కాబట్టి, ఉప్పన్నానని అర్థమై వెంకాయమ్మ గారు నొచ్చుకుంది. “అదేంటి బాబూ, ఈ నీళ్లతోనే కదా మా పప్పు ఉడికేది! ఉప్పునీళ్లకి ఉడుకుద్దా?”

సార్ తాగి చూశారు. మంచినీళ్లే అన్నారు. మళ్లీ మీటరు పెట్టారు. అదే ఆరు వందల లోపు. అప్పుడు నా వైపు తిరిగారు. “మీ మాస్టారు కూడా ఇలాగేనా...” అని ఆగారు.

ఆ మాట పూర్తయితే మాస్టారి పని అయిపోయినట్టే. గట్టిగా నవ్వేసి, “జోకండీ” అన్నాను. వెంటనే నమ్మారు. నా మీద జనానికి ఆ నమ్మకం ఎప్పుడూ ఉంది.

తిరుగుదారిలో అవనిగడ్డలో టీ తాగితే పంచదార ఎక్కువైందని తెలిసింది. రుచి వచ్చేసింది. సార్ సంతకం పెట్టారు, డిగ్రీ వచ్చింది, మాస్టారి అధ్యాయం అలాగే నిలిచింది.

కొన్నేళ్ల తర్వాత, నేను గుడివాడలో పాఠాలు చెప్పుకుంటుండగా సార్ ఫోన్ చేశారు. కొత్త విద్యార్థిని తీసుకుని ఆ పల్లెకే వెళ్లారట.

“ఆ రోజు నువ్వో అంకె చెప్పావు. ఎంతది?”

చెప్పాను. అవతల ఎవరో బోరింగు కొడుతున్న చప్పుడు వినబడింది.

“ఇప్పుడు మీటరు అదే చూపిస్తోంది” అన్నారు.

మర్నాడు నేనూ వెళ్లి చూశాను. అదే అంకె. నీళ్లు ఉప్పెక్కడంలో వింతేమీ లేదు. కాలవ నీళ్లు తగ్గాయి, చేపల చెరువులకి తోడేశారు, సముద్రం లోపలికి జరిగింది. మంచినీటి బోరింగు చెడడం దివిసీమలో కొత్త కాదు. వింతంతా ఆ అంకెలోనే ఉంది. కాకతాళీయమని చాలాసార్లు అనుకున్నాను. అనుకున్న ప్రతిసారీ, ఆ రుచి ఆ రోజు ఆ ఒక్క గుక్కలోకి ఎలా వచ్చిందన్న దగ్గర ఆగిపోతాను.

వెంకాయమ్మ గారు ఊరి చివరి కుళాయి నుంచి బిందెతో వస్తూ నన్ను చూసి ఆగింది.

“నువ్వు ఆ రోజే చెప్పావు కదా బాబూ. మరి నవ్వావేంటి? నవ్వకుండా చెబితే మేం ఏదో ఒకటి చూసుకునేవాళ్లం కదా. అసలు నీకెట్టా తెలిసింది?”

“తెలీదండీ” అన్నాను. “నిజంగా తెలీదు.”

ఆమె నమ్మలేదు. ఆమె చోట నేనున్నా నమ్మను.