నా బిడ్డ ఒక్క మాత్ర కూడా పారేయలేదు

బుడ్డమ్మా,

నిన్న పొద్దున నంద్యాల ఆసుపత్రి నుంచి సిస్టర్ ఫోన్ చేసినప్పుడు నేను ఆళ్ళగడ్డలో శిల్పాల షెడ్డులో రాయి రుద్దుతున్నాను. ఒక్క పూట పని చేసి మధ్యాహ్నానికి నీ దగ్గరికి వద్దామనుకున్నాను.

"అమ్మా, తొందరగా రా" అన్నది. అంతే.

షెడ్డు నిండా ఇంకా కళ్ళు చెక్కని బొమ్మలు. అన్నీ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

నేను వచ్చేసరికి నువ్వు లేవు.

చదివేవాళ్ళకు నిజం చెప్తున్నాను. నాకు హెచ్ఐవి ఉంది. మా ఆయన నుంచి నాకు వచ్చింది. నా నుంచి పుట్టుకతోనే నా బిడ్డ మేరీకి, నా బుడ్డమ్మకు వచ్చింది. ఇరవై రెండేళ్ళు దాచాను. ఇంక ఎవరి కోసం దాచాలి?

నెలనెలా నంద్యాలలో హెచ్ఐవి మందులిచ్చే సెంటరుకు ఇద్దరం కలిసే పోయేవాళ్ళం. ఇద్దరికీ ఒకటే మాత్ర. ఎవరూ చూడకుండా ఇంటికొచ్చి సీసాల మీది కాగితం గీకేసి, అన్ని మాత్రలూ ఒకే స్టీలు డబ్బాలో పోసేదాన్ని.

పోయిన ఏడాది నీ రక్తంలో హెచ్ఐవి పురుగు పెరిగిందన్నారు. నాది బాగుందన్నారు.

ఒకే డబ్బాలో మాత్ర. నాకు పనిచేసింది నీకెందుకు చేయదు?

నువ్వు పారేస్తున్నావనుకున్నాను.

అప్పటి నుంచి నువ్వు మాత్ర మింగినాక నోరు తెరవమనేదాన్ని. కోడిపిల్ల నోరు చూసినట్టు నాలుక ఎత్తి చూసేదాన్ని.

"యాడ పారేస్తాండావో చెప్పు మే."

"పళ్ళు గూడా లెక్కపెట్టుకో మా. రేపు ఒకటి తగ్గితే మల్లా నన్నే అంటావ్."

నవ్వుతూనే అన్నావు. రోజూ నోరు తెరిచావు.

మాత్ర సరిగ్గా వేసుకున్నా కొందరిలో పురుగు మొండికేస్తుందని, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష వేరే ఉందని సెంటరు మేడం చెప్పింది. అది నంద్యాలలో లేదు. బయట చేయిస్తే మా కూలికి అందదు. సెంటరువాళ్ళే చేయిస్తారని ఎదురుచూశాం. నువ్వు చిక్కిపోతూనే ఉన్నావు.

చివరికి ఒక అట్ట మీద అయిదు చుక్కలు నీ రక్తం పెట్టి, వడియాల మాదిరి ఆరబెట్టి, దూరం ఊరి ల్యాబుకు పంపారు.

"అయిదు కళ్ళు మాదిరి ఉండాయి మా. అవే చెప్తాయిలే, నేను అబద్ధం ఆడినానో లేదో" అన్నావు.

నిన్న మధ్యాహ్నం నీకు స్నానం చేయించేటప్పుడు నీ నోరు తెరుచుకుంది. మూశాను. మళ్ళీ తెరుచుకుంది.

నేను వంగి నాలుక కింద చూశాను.

"ఏం చేస్తాండావ్ మే!" అని మా అక్క అరిచింది. అప్పుడు తెలిసింది, నా వేలు నీ నోట్లో ఉందని.

ఈ రోజు పదకొండింటికి సెంటరు మేడం ఫోన్. ఆమెకు కబురు అందలేదు.

"మేరీ రిజల్ట్ వచ్చిందమ్మా. ఆ మాత్ర మేరీ ఒంట్లో పనిచేయడం లేదంట. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. కొత్త మందు రాసినారు, రేపు పిల్చుకోని రా."

"వస్తాదిలే మేడం" అన్నాను.

ఎందుకట్లా అన్నానో తెలియదు. నిన్ను మట్టిలో పెట్టి ఒక రాత్రి గడిచింది. నీ రక్తం ఎక్కడో తెలియని ఊర్లో ఇంకా మాట్లాడుతోంది.

మేరీ ఏవో మాత్రలు ఎగ్గొట్టి పోయిందని చర్చి దగ్గర కొందరు అనుకుంటున్నారు. ఆ మాట అందరికన్నా ముందు అన్నది నేనే. తప్పు నాది. నా బిడ్డ ప్రతి మాత్రా మింగింది.

ఆ పరీక్ష మా లాంటివాళ్ళకు అందేట్టు దగ్గర్లోనే ఉంటే నా బిడ్డకు మందు టైముకు మారేది. మీ ఇంట్లో ఎవరైనా మాత్ర వేసుకున్నానంటే నమ్మండి. నోరు తెరిపించొద్దు. పోయి పరీక్ష అడగండి.

పొద్దున నా మాత్ర కోసం డబ్బా తీశాను. అందులో ఏది నాదో ఏది నీదో తెలియలేదు. ఒకటి వేసుకున్నాను. నాకు పనిచేస్తుంది.

నా మీద కోపం ఉంటే ఉండనీ బుడ్డమ్మా. ప్రభువు దగ్గర నొప్పి లేకుండా పడుకో. అక్కడ నిన్ను ఎవరూ ఏమీ అడగరు.

ఇది చదివినవాళ్ళు, మాత్రలు వేసుకునేవాళ్ళయినా కాకపోయినా, వేళకు కడుపునిండా అన్నం తినండి.