పొద్దు వాలే దాకా

అసియూత్ నగరపు ఫార్మసీ కళాశాలలో షెహాతా చేసిన ఘనకార్యం ఇరవై రెండేళ్ళపాటు గొర్రె బుగ్గల లోపలి పొరను కోయడం. కంటికి కనబడని రేణువుల్లో మందు దాచిన పలచని రేకును ఆ పొరకు అంటించి, మందు ఎంతసేపటికి అవతలికి దాటుతుందో పండితులు చూసేవారు. ఆ పరిశోధనతో నలుగురు ప్రొఫెసర్లయ్యారు. షెహాతా షెహాతాగానే మిగిలాడు.

చివరికి ఆ రేకులను ఆసుపత్రిలో మనుషులపై పరీక్షించే నాటికి, అతని భార్య రతీబాకు గొంతు క్యాన్సర్ ముదిరి గుటక పడడం లేదు. నొప్పి తగ్గడానికి ఆమెకూ పూటకొక రేకు ఇచ్చారు. అంతలో రంజాన్ వచ్చింది.

"పగలు వద్దు. ఉపవాసం చెడుతుంది," అంది రతీబా.

"ఇది గొంతు దిగదే! బుగ్గలోంచే నెత్తుట్లో కలుస్తుంది."

"గుమ్మం తొక్కకుండా కిటికీలోంచి దూరినవాడు ఇంట్లోకి రానట్టా?"

"జబ్బు మనుషులకు మినహాయింపు ఉందని మన మసీదు షేక్ గారే అన్నారు కదా!"

"ఆయనకేం, గొంతు బాగానే ఉంది. తిండి ఎలాగూ పోయింది, నాకు ఉపవాసమైనా మిగలనీవయ్యా."

దాంతో అంతటి శాస్త్రవిజ్ఞానమూ రోజూ సూర్యాస్తమయం దాకా చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది.

పదకొండో రోజు మధ్యాహ్నం నొప్పికి తాళలేక ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "ఇంకెంతసేపు?"

"మూడు గంటలు," అన్నాడు, రేకు చేతిలో పట్టుకుని. "ఇప్పుడే పెట్టనా?"

"మూడేగా," అంది. గంటలోపే పోయింది.

మిగిలిన రేకులు తిరిగి ఇచ్చినప్పుడు నర్సు ఫారం తీసి, పగటి మందు ఎందుకు వాడలేదని అడిగింది.

షెహాతా ఫారం వైపు వంగాడు.

"ఆ రోజు పొద్దు త్వరగా వాలలేదమ్మా. అదే రాసుకో."