మొహం రాని ఫొటో

మా నాయన కావలిలో ఫొటో స్టూడియో నడిపారు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాక అది మూతపడింది. ఆయన పోయిన తర్వాత బీరువా సర్దుతుంటే కడగని రీలు ఒకటి దొరికింది. డబ్బా మీద ఆయన చేతిరాత: ‘జువ్వలదిన్నె, పడవ పూజ’.

అది చదవగానే ఎండుచేపల అక్క గుర్తొచ్చింది. సముద్రం ఒడ్డునున్న జువ్వలదిన్నె నుంచి గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. ఆమె భర్త వేటకు వెళ్లి తిరిగి రాలేదు. పడవా దొరకలేదు, శవమూ దొరకలేదు. అప్పటికి ఆమె కడుపుతో ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫొటో తర్వాత తుఫానుకు నీళ్లపాలైంది. కొత్త పడవకు పూజ చేసిన రోజు నాయన ఫొటోలు తీశారని ఆమెకు గుర్తు. వచ్చినప్పుడల్లా అడిగేది. “ఆ రీలు కనపళ్లేదమ్మా” అని నాయన తల దించుకునేవారు. కొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది.

గడువు తీరి ఏళ్లయిన రీలు. పైగా ఉప్పుగాలి. కలర్ రీలే అయినా, రంగులు ఎలాగూ నిలిచి ఉండవని బ్లాక్ అండ్ వైట్ మందులోనే కడుగుదామనుకుని, ఆ మందు చెన్నై నుంచి తెప్పించాను. బాత్రూమ్ కిటికీకి దుప్పటి కట్టి చీకట్లో విప్పుతుంటే, అంటుకుపోయిన చుట్లు చిటచిటమంటూ విడిపోయాయి.

కడిగి లైటు వేసి చూస్తే, దాదాపు అంతా నల్లగా మాడిపోయింది. రెండు బొమ్మలే నిలిచాయి. ఒకటి, పూలదండ వేసిన పడవ. రెండోది, దానికి ఆనుకుని నిలబడిన మనిషి. లుంగీ, చేతిలో కొబ్బరికాయ, అన్నీ తెలుస్తున్నాయి. మొహం మాత్రం బూజు తినేసింది.

చూపించాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. చివరికి రెండూ ప్రింటు వేయించి జువ్వలదిన్నె వెళ్లాను. అక్క ఇంటి ముందు చేపలు ఎండేస్తోంది. విషయం చెప్పగానే చేతులు కొంగుకు తుడుచుకుని ఫొటోలు అందుకుంది. మనిషి ఉన్నదాన్ని దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

“మొహం ఏదబ్బయా?”

“పాడైపోయిందక్కా. ఎంత చేసినా రాలేదు.”

బూజు మచ్చను ఆమె బొటనవేలితో తుడిచి చూసింది.

“నాకూ ఇట్టనే అయిపోయినాడు. నడక గుర్తుండాది, దగ్గు గుర్తుండాది. మొహం తలుచుకుంటే రాదు. ఫొటో చూస్తే వస్తాదేమో అనుకున్నా.”

ఆమె పడవ ఫొటో ఉంచుకుని, ఆ మనిషి ఫొటో తిరిగి నా చేతిలో పెట్టింది.

“ఇది తీసకపో. నా బిడ్డ వాళ్ల నాయన్ని ఎరగదు. మొదటిసారి ఇట్ట చూడకూడదు.”

కొన్ని నెలల తర్వాత, చిన్నప్పుడు అక్క వెంట మా వీధికి వచ్చిన ఆ కూతురు కావలి బస్టాండులో కనిపించింది. నన్ను గుర్తుపట్టి తనే పలకరించింది.

“మీరిచ్చిన పడవ ఫొటోకి అమ్మ దినామూ పూలు పెడతాదన్నా. నాయన ఫొటో ఒక్కటన్నా దొరికుంటే బాగుండు.”

అవునమ్మా అన్నాను. అంతలో ఆమె ఎక్కాల్సిన బస్సు వచ్చింది.