ఏడు పిడికిళ్ల భిక్ష

నా జీవితంలో నేను ఒక్క పిల్లవాణ్ణే ఉద్ధరించాను. ఆ ఉద్ధరణ మొత్తం ముప్పావుగంట సాగింది. అంతలోనే ఒక కుటుంబం మొక్కు గోదావరిలో కలిసింది, నా చొక్కా చిరిగింది, పదకొండు మంది పిల్లలకు నిలువ నీడ లేకుండా పోయేదాకా వచ్చింది. చివరికి బీకాం ఫస్టు క్లాసులో పాసైన నేను భద్రాచలం వీధుల్లో అడుక్కున్నాను. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఇంట్లో బియ్యం డబ్బా మూత తీసిన చప్పుడైతే చాలు, మా ఆవిడ ఇప్పటికీ నావైపు చూసి నవ్వుతుంది.

ఇది ఎనభైల నాటి మాట. ఖమ్మం స్టేషనుకు దగ్గర్లో ఒక కిరాయి ఇంట్లో రూతమ్మ టీచరు గారు ఉండేవారు. రిటైరై హాయిగా కాళ్లు చాపుకొని కూర్చోవలసిన వయసులో, ప్లాట్‌ఫారాల మీద పడుకునే పిల్లల్ని ఒక్కొక్కరినే ఇంటికి తెచ్చుకున్నారు. అన్నం పెట్టేవారు, అక్షరాలు దిద్దించేవారు. అంతటితో ఆగలేదు. కూరగాయలు బేరమాడడం, బస్సు బోర్డు చదవడం, చిరిగిన గుడ్డ కుట్టుకోవడం, పోలీసాయన అడిగితే బెదరకుండా పేరూ ఇల్లూ చెప్పడం, అన్నీ నేర్పేవారు. "మనిషి ముందు నిలబడి మాట్లాడటం వస్తే చాలు నాయనా, మిగతా చదువు మెల్లగా వస్తది" అనేవారు. అలాంటి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆమెదొక పద్ధతి. కొత్త పిల్ల కనిపిస్తే వెళ్లి పక్కన కూర్చునేవారు. పేరడగరు, ఊరడగరు, చెయ్యి పట్టుకోరు. గంట గడిచినా రెండు గంటలు గడిచినా ఊరికే కూర్చునేవారు. చివరికి ఆ పిల్లే నోరు విప్పేది. యాదమ్మ అనే పిల్ల కోసమైతే బోనకల్ స్టేషనులో వరసగా మూడు రోజులు కూర్చున్నారట.

నేను ఊరి పక్కనే ఉన్న ఖానాపురం హవేలి నుంచి సైకిలేసుకొని సాయంత్రాలు పాఠం చెప్పడానికి వెళ్లేవాణ్ణి. ఉద్యోగం రాలేదు కాబట్టి సమాజసేవ మొదలుపెట్టానని మీకు వేరే చెప్పాలా? రోజూ నా మొదటి పాఠం ఒకటే: "చెయ్యి చాచరాదు! దేవుడు చేతులిచ్చింది పని చేసుకోవడానికి!" పిల్లలంతా గొంతు చించుకొని అప్పజెప్పేవారు. పదకొండేళ్ల యాదమ్మ మాత్రం పెదవి కదిపేది కాదు.

"ఏం యాదమ్మా, నువ్వు అనవేం?"

"నువ్వెప్పుడన్న చెయ్యి చాచినవా సార్?"

"ఛ! నేనెందుకు చాస్తాను?"

"మరి నీకేం ఎరుక?"

అది సిలబస్‌లో లేని ప్రశ్న అని కొట్టిపారేశాను.

ఆ వేసవిలో పిల్లలు గోదావరి చూస్తామన్నారు. రూతమ్మ గారు అందరినీ భద్రాచలం బస్సెక్కించారు. టికెట్లు పిల్లలే తీసుకున్నారు, దారి పిల్లలే అడిగారు, ఒడ్డున వండుకోవడానికి బియ్యం సంచి, గిన్నెలు పిల్లలే మోశారు. తీరా చేరాక ఒకడి కాలికి గాజుపెంకు గుచ్చుకుంది. రూతమ్మ గారు వాణ్ణి దవాఖానాకు తీసుకెళ్తూ, "జర మంచిగ చూసుకో" అన్నారు. నాతోనే అన్నారనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆవిడ యాదమ్మ వైపు చూస్తూ నా గురించి చెప్పినట్టున్నారు.

అప్పుడు కనిపించాడు వాడు. గుడికి వెళ్లే దారి మలుపులో ఆరేళ్ల పిల్లవాడు. నున్నటి గుండు, ఒంటి మీద చిరుగుల చొక్కా, భుజానికి గుడ్డ జోలె. ఎవరో ఒకావిడ పిడికెడు బియ్యం వాడి జోలెలో వేసి, దణ్ణం పెట్టి మరీ వెళ్లింది. ఆ దణ్ణం చూసి కూడా నాకు అనుమానం రాలేదంటే, నా బుర్ర ఎంత చురుకైనదో మీరే ఊహించుకోండి.

"నీ పేరేంటి బాబూ? మీ వాళ్లెవరు?" అన్నాను. వాడు పెదవులు బిగించాడు.

"పాపం, భయంతో మాట పడిపోయింది" అని నేను తీర్పు చెప్పేశాను.

యాదమ్మ నా చొక్కా పట్టి లాగింది. "సార్, వీడు మా తీరు కాదు. కాళ్లు సూడు, ఎంత మెత్తగున్నయో. ఎండల నిలవడ్తలేడు. గుండుకు గంధం గూడ పూసిండ్రు. అడుక్కునేటోనికి గంధం ఎవలు పూస్తరు?"

"ఆకలికి కాళ్లతో ఏం పని యాదమ్మా?"

"జరసేపు పక్కన కూసుందాం సార్. టీచరమ్మ గట్లనే జేస్తది."

"టీచరు గారు నెమ్మదిగా చేసే పని నేను జల్దీ చేస్తాను, చూడు!"

నిజంగానే జల్దీ చేశాను. వాణ్ణి చంకనేసుకొని రేవుకు దిగాను. గంధం పోయేదాకా గుండు తోమాను. జోలె లాగేసి, "నేటితో నీకు బిచ్చం బాధ తీరింది!" అని ప్రకటించి బియ్యంతో సహా గోదావరిలోకి విసిరాను. వాడు గొల్లుమన్నాడు. ఆనందబాష్పాలనుకున్నాను. మా పిల్లల సంచిలోంచి ఒక చొక్కా తొడిగి, ఇడ్లీ తినిపిస్తూ ఉండగా వెనకనుంచి కేక వినిపించింది.

"అడుగో నా మనవడు! ఓరి నీ చేతులు పడిపోనూ, వీడి జోలె ఏదిరా?"

పట్టుచీర కట్టుకున్న పెద్దావిడ. వెనక ఆమె మనుషులు నలుగురు. ఒకడి చేతిలో చిరిగిన నా కాలరు, ఇంకొకడి చేతిలో నా జుట్టు, నా చేతిలో సగం ఇడ్లీ.

"పిల్లలను ఎత్తుకపోయేటోడు దొరికిండు!" అని ఎవరో అరిచారు. క్షణంలో జనం మూగారు. కానిస్టేబులు వచ్చాడు. "ఇగో, ఇంకా ఇంతమంది ఉన్నరు! గీళ్లను యాడికెల్లి ఎత్తుకొచ్చినవ్ రా? నడువుండ్రి అందరు టేషన్‌కు!"

అప్పుడు తలకెక్కింది నాకు అసలు సంగతి. రూతమ్మ గారి ఇంటికి కాగితాలంటూ ఏమీ లేవు. వ్యవహారం పోలీసుస్టేషను దాకా వెళ్తే ఆ ఇల్లు మూతపడుతుంది, పిల్లలు మళ్లీ ప్లాట్‌ఫారం మీదే పడుకోవాలి. ఆమె ఇన్నేళ్ల కష్టం నా ఒక్క విసురుకు గోదావరి పాలు. చెప్పాలని నోరు తెరిచాను. రోజూ ప్రసంగాలు దంచే నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు.

యాదమ్మ కానిస్టేబులు ముందుకొచ్చింది. "మమ్ముల ఎవ్వలు ఎత్తుకరాలే సార్. మమ్ముల ఎత్తుకపోయేంత మోజు ఎవలకన్న ఉంటే, మేం రైలు టేషన్ల ఎందుకు పండుదుం?"

నా జుట్టు పట్టుకున్నవాడు చెయ్యి వదిలాడు. యాదమ్మ తన పేరు, వయసు, ఇల్లు, టీచరమ్మ పేరు గడగడా చెప్పింది. ఆమె తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరొకరు, అందరూ వరసగా నిలబడి, తల ఎత్తి, తొణక్కుండా చెప్పారు. కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకొని వినసాగాడు. నాకు ఏడుపొచ్చింది. అందులో ఒక్క ముక్క కూడా నేను నేర్పింది కాదు.

అప్పటికి రూతమ్మ గారు వచ్చారు. నన్ను చూడనే లేదు. నేరుగా వెళ్లి పెద్దావిడ పక్కన మెట్టు మీద కూర్చున్నారు, ఏమీ మాట్లాడకుండా. కాసేపటికి పెద్దావిడే మొదలుపెట్టింది.

"మాది అశ్వారావుపేట వైపమ్మా, వ్యవసాయం. ముగ్గురు పసివాళ్లు పోయాక దక్కాడు వీడు. బతికితే ఏడుగురి దగ్గర భిక్షెత్తించి, ఆ బియ్యంతో పొంగలి పెడతానని రాముడికి మొక్కాను. ఏడో పిడికిలి పడేదాకా నోరు విప్పొద్దన్నాను వీడితో. ఎదురుగా అరుగు మీదే ఉన్నానమ్మా, కాస్త రెప్ప వాలింది. ఆరు పడ్డాయి. ఆరూ గోదాట్లో కలిపాడు నీ పంతులు!"

"తప్పు మాదేనమ్మా. ఇప్పుడేం చెయ్యమంటరు?"

"మళ్లీ మొదటినుంచీ ఎత్తాలి. పారేసినవాడే జోలె పట్టాలి."

రూతమ్మ గారు నన్ను కాపాడతారని ఆశగా చూశాను. "న్యాయమే" అన్నారావిడ.

ఆ పిల్లవాడు నా వేలు పట్టుకొని నడిచాడు. నా భుజాన కొత్త జోలె. మొదటి దుకాణంలోనే సేటు నన్ను ఎగాదిగా చూసి, "గింత మనిషివి, పని చేసుకోరాదు? దేవుడు చేతులెందుకిచ్చిండు?" అన్నాడు. నా పాఠం ఖమ్మం నుంచి నాకంటే ముందే వచ్చి కూర్చున్నట్టుంది. సిగ్గుతో ఒళ్లంతా మండిపోయింది. తల దించుకున్నాను.

పక్కన యాదమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "కిందికి సూడకు సార్. మొహంలకు సూడు. మొహం సూస్తే కొట్టరు."

ఆ సంగతి ఆమెకు ఎలా తెలుసో నేను అడగలేదు. అడగకుండా పక్కన నడవడం ఆ రోజే నేర్చుకున్నాను. ఆమె చెప్పినట్టే మొహాల్లోకి చూశాను. ఒకటి, రెండు, అలా ఆరు పిడికిళ్లు పడ్డాయి.

ఏడోది మిగిలింది. యాదమ్మ పరుగున వెళ్లి, మా వంట సంచిలోంచి పిడికెడు బియ్యం తెచ్చి నా ఎదుట నిలబడింది. జోలె చాచాను. ఆమె పిడికిలి తెరవలేదు.

"ముందు పాఠం అప్పజెప్పు సార్. చెయ్యి చాచొచ్చా, చాచొద్దా?"

పిల్లలు, రూతమ్మ గారు, పెద్దావిడ, కానిస్టేబులు, అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు.

"అవసరమొస్తే చాచొచ్చమ్మా" అన్నాను.

"అవ్, గిప్పుడు పాసైనవ్" అని బియ్యం వేసింది. ఏడో పిడికిలి పడగానే వాడికి నోరొచ్చింది. "నానమ్మా, ఈ మామయ్య ఇడ్లీ మధ్యలో లాగేసుకున్నారు!" అన్నాడు.

కనుక గోదావరి సాక్షిగా, పోయిన ఆ ఆరు పిడికిళ్ల బియ్యం సాక్షిగా, ఆనాడే శపథం చేశాను: పక్కన కూర్చోకుండా ఇక ఈ జన్మలో ఎవరినీ ఉద్ధరించను. కూర్చున్నాక కూడా, యాదమ్మ వచ్చి వాళ్ల కాళ్లు చూసి సరేనంటేనే.