తాబేళ్ళ పుట్టిల్లు

పోయిన వారం అద్దంకి బస్టాండు ముందు ఆటోలో కూర్చుని ఉన్నాను. పత్తికట్టె నిండుగా వేసుకున్న ట్రాక్టరొకటి మలుపు తిరగలేక రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. ముందూ వెనకా హారన్లు మోగిపోతుంటే మా ఆటో నడిపే అతను తల బయటికి పెట్టి గట్టిగా అరిచాడు.

"ఒరేయ్, పొయ్యిలోకి పోయే కట్టెకి ఇంత ఊరేగింపేందిరా?"

"పొయ్యిలోకి కాదన్నా, సముద్రం కాడికి. తాబేళ్ళకి దడి కట్టాలంట."

"తాబేళ్ళకి దడేందిరా, పొద్దున్నే ఏమన్నా ఏసుకొచ్చావా?"

"నాకేం తెలుసన్నా! మా నాయన అప్పటినుంచీ ఏటా ఒక లోడు తోలతానే ఉన్నాం."

వెనక సీట్లో కూర్చుని నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆటో అతను అద్దంలోంచి నావంక అనుమానంగా చూశాడు. ఈ ముసలావిడకి ఇందులో నవ్వేందుకేముందో అతనికి తెలియదు. తండ్రి తోలాడు కాబట్టి తానూ తోలుతున్న ఆ ట్రాక్టరు అబ్బాయికీ తెలియదు. తెలియకపోవడమే నాకు ఎక్కడలేని సంతోషాన్నిచ్చింది.

మన ఈడు వాళ్ళకి పత్తికట్టె అంటే వేరే చెప్పనక్కర్లేదు. చివరి తీత అయిపోయాక చేలో కట్టె పీకి, మోపులు కట్టి, దొడ్లో వామిలా పేర్చుకుంటే ఏడాది పొడుగునా పొయ్యికి అదే, దొడ్డికి దడీ అదే. కొత్తగా కట్టిన దడి వాసన ఒకటుండేది, పచ్చీ ఎండూ కలిసినట్టు. ఇప్పుడు గ్యాసు వచ్చింది, గోడలొచ్చాయి, కట్టెని చేలోనే పొడి చేసే యంత్రాలూ వచ్చాయి. మా పుట్టింట్లో పత్తి కొంతే, మిరప ఎక్కువ. మా నాన్న రోజూ రాత్రి భోజనమయ్యాక ఆ రోజు మబ్బు పట్టిందా, మంచు కురిసిందా, కళ్ళంలో కాయ ఎంతవరకు ఎండింది అని నాలుగు వాక్యాలు రాసుకునేవారు. ఆ అలవాటు నాకూ అంటుకుని ఇప్పటికీ డైరీ రాయందే నిద్ర పట్టదు. మా వారు బతికున్నన్నాళ్ళూ, నా పక్కన పెళ్ళాం కాదు, వాతావరణ కేంద్రం పడుకుంటోందని వేళాకోళం చేసేవారు.

అలాంటి మెట్ట పల్లె పిల్లని సముద్రం పక్కకి చేర్చింది ఉద్యోగమే. చీరాలకి దగ్గర్లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేదాన్ని. ఒక మాఘమాసం ఆదివారం తెల్లవారుతుండగా మా వారితో కలిసి ఒడ్డున నడుస్తుంటే ఇసుకలో ట్రాక్టరు చక్రం జాడలాంటిది కనిపించింది. నీళ్ళలోంచి బయల్దేరి గట్టుమీదికి వెళ్ళి, మళ్ళీ నీళ్ళలోకి తిరిగిపోయింది. సముద్రంలోంచి ట్రాక్టరు రావడమేమిటని మా వారు నవ్వారు గాని, నాకు గుండె ఝల్లుమంది. పుస్తకంలో బొమ్మ చూపించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన ఆలివ్ రిడ్లే తాబేలు నా ఇంటికి ఇంత దగ్గర్లో ఒడ్డెక్కి గుడ్లు పెడుతోందని అప్పటిదాకా నాకు తెలియనే తెలియదు. జాడ పట్టుకుని పైకి వెళితే అక్కడొక గుంట, చుట్టూ తోలులా చిరిగిపోయిన తెల్లటి గుడ్డు పెంకులు, పక్కనే కడుపులు నింపుకుని హాయిగా పడుకున్న నాలుగు ఊరకుక్కలు.

ఆ ఏడూ మరుసటి ఏడూ వీలైన ప్రతి ఆదివారమూ విద్యార్థులతో ఒడ్డు వెంట తిరిగాను. గుడ్లు పెట్టిన చోటల్లా గుర్తు పుల్ల పాతి, మళ్ళీ వెళ్ళి చూసి, ఏమైందో రాసుకునేవాళ్ళం. రాసిందంతా ఒకచోట పెట్టుకుని చూస్తే ఏడుపొచ్చింది. కుక్కలకీ నక్కలకీ పోగా మిగిలిన గుంట దాదాపు లేదు. దానికి తోడు వలల్లో చిక్కి, ఊపిరికి పైకి రాలేక చచ్చిపోయిన పెద్ద తాబేళ్ళు ఒడ్డుకి కొట్టుకొచ్చేవి. సముద్రంలో ఉండే ప్రాణి నీళ్ళలో మునిగి చావడమేమిటని నా విద్యార్థులే అడిగేవారు. దానికీ మనలాగే గాలి కావాలని చెప్పాల్సి వచ్చేది.

గుడ్లని పెట్టిన కొద్ది గంటల్లోనే, అటూ ఇటూ తిరగేయకుండా తీసి, కుక్కలు రాని చోట మళ్ళీ ఇసుకలో పాతిపెడితే పిల్లలవుతాయి. అటవీశాఖ అనుమతి తిరగ్గా తిరగ్గా దొరికింది. అసలు అనుమతి ఇవ్వాల్సింది మాత్రం ఆ ఒడ్డునున్న జాలరుల ఊరు, పల్లెపాలెం. ఆ ఇసుక వాళ్ళది. వాళ్ళు పడవలు లాగేది, వలలు ఆరేసేది అక్కడే. రామమందిరం అరుగుమీద పెద్దలంతా కూర్చుంటే నేను ఎదురుగా నిలబడి చెప్పుకున్నాను. కులపెద్ద అంతా మర్యాదగా విని ఒక్క మాటన్నాడు.

"మేడం గారూ, ఇయ్యాళ గుడ్లంటారు, రేపు వలలంటారు, ఎల్లుండి సముద్రమే మీది కాదంటారు. మా పిలకాయలు ఏం తినాల?"

ఆయన భయం ఉత్తది కాదు. అప్పుడు మందిరం బయట నేలమీద కూర్చున్న కులపెద్ద తల్లి, చుట్ట నోట్లోంచి తీసి, ఆ తాబేలు ఇంత సముద్రం వదిలేసి మా ఒడ్డుకే ఎందుకొస్తదమ్మా అని అడిగింది. ఆడ తాబేలు తాను పుట్టిన ఇసుకని గుర్తు పెట్టుకుంటుందనీ, ఎంత దూరం తిరిగినా గుడ్లు పెట్టడానికి ఆ ఒడ్డుకే వెతుక్కుంటూ వస్తుందనీ చెప్పాను. ఆవిడ కొడుకు వైపు తిరిగింది.

"విన్నావంట్రా? పుట్టింటికి కాన్పుకొచ్చిందంట. కాన్పుకొచ్చిన పిల్లనా మనం కుక్కల పాలు చేసేది?"

బయట ఆడవాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. ఈ ఒక్క కాలం చూస్తారు. పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి పోతే ఊరు ఊరంతా మాకు తోడుంటుంది. రాకపోతే దడి పీకి పొయ్యిలో పెట్టుకుంటారు, కాలేజీ వాళ్ళెవరూ గుడ్ల పేరు చెప్పుకుని మళ్ళీ ఆ ఒడ్డున కాలు పెట్టకూడదు. సరేనని ఒప్పుకున్నాను. ఇంకో దారి నాకు మాత్రం ఎక్కడుంది?

దడికి సరుగుడు కర్ర కొనే స్తోమత మాకు లేక మా తమ్ముడికి కబురు పెట్టాను. వాడు పొలం పనులన్నీ వదిలేసి ట్రాక్టరు నిండా పత్తికట్టె వేసుకుని, కళ్ళంలో కాయ మీద కప్పే టార్పాలిన్ పట్టాలు కూడా కట్టుకుని దిగాడు. సముద్రానికి దడి కట్టడానికొచ్చావా బావా అని పల్లెపాలెం మగవాళ్ళు ఆటపట్టిస్తుంటే, మీ చేపలు మా చేలోకి రాకుండా అని వాడు జవాబు చెప్పాడు. సాయంత్రానికల్లా వాళ్ళే కట్టె అందించారు. అంత ఒత్తుగా, అంత ముచ్చటగా కట్టిన దడిని నేను మళ్ళీ చూడలేదు. కుక్క మూతి కూడా దూరేది కాదు.

ఇక ఇప్పుడు చెప్పబోయేది మెట్ట వాళ్ళకి తప్ప ఇంకొకరికి జరగని సంగతి. ఒడ్డంతా తిరిగి తెచ్చి పాతిన గుడ్లన్నీ దడి లోపల క్షేమంగా ఉన్నాయి, సగం కాలం గడిచింది. కాలేజీలో పరీక్షలు పడి నేను కదల్లేకపోతే తమ్ముణ్ణి కాపలాకి పెట్టాను. ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి నాలుగు చినుకులు రాలాయి. మిరపకాయ కళ్ళంలో పుట్టి పెరిగిన మనిషికి మబ్బు కనిపిస్తే ఏం చేస్తాడో మీకు నేను చెప్పాలా? తింటున్న అన్నం వదిలేసి పరుగెత్తి పట్టాలు పరిచేస్తాడు. మావాడూ అదే చేశాడు. గుంటలన్నిటిమీదా పట్టాలు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ ఇసుక మూటలు పెట్టి, గుడ్లని కాపాడానన్న తృప్తితో పొలం పని చూసుకుందామని ఊరెళ్ళిపోయాడు. వాన రాలేదు. మర్నాడు ఎండ మాత్రం నిప్పులు చెరిగింది.

మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి పట్టా కింద చెయ్యి పెడితే కాలింది. ఇసుకలో గుచ్చిన థర్మామీటరు చూసి పట్టాలన్నీ లాగి పారేశాను. కబురందుకుని వాడు తిరిగొచ్చాక ఇద్దరం దడి దగ్గరే పోట్లాడుకున్నాం.

"ఒరేయ్, ఇవేమన్నా మిరపకాయలంట్రా కప్పిపెట్టడానికి?"

"అక్కా, మబ్బు చూస్తే చేతులు ఊరుకోలా!"

ఏమనగలను? వాడి స్థానంలో మా నాన్న ఉన్నా అదే చేసేవారు. ఊళ్ళో కథ పాకిపోయింది. మెట్టోళ్ళు గుడ్లు ఎండబెట్టారు, ఇంక తొడిమలు తియ్యడమే తరువాయని పడవల దగ్గర ఒకటే నవ్వులు. కులపెద్ద నవ్వలేదు గాని, నన్ను చూసి తల తిప్పుకునేవాడు. లోపల పిండాలు బతికి ఉన్నాయో లేదో తవ్వి చూడ్డానికి వీల్లేదు, తవ్వితే ఉన్నవీ పోతాయి. తాటాకు పందిరి వేసి, చల్లటి నీళ్ళు చిలకరించి, ఎదురుచూడ్డం తప్ప చేసేదేమీ లేకపోయింది. ఆ రోజుల డైరీలో ఉష్ణోగ్రత అంకెలు తప్ప ఇంకో మాట రాయలేదు. కులపెద్ద తల్లి మాత్రం ఎవరేమన్నా పట్టించుకోకుండా రోజూ దడి పక్కన చుట్ట కాల్చుకుంటూ కూర్చుని కుక్కల్ని అదిలించేది.

గడువు దగ్గరపడిన ఒక సాయంత్రం, ఒక గుంట మీద ఇసుక మధ్యలో చిన్నగా సొట్ట పడింది. లోపల పిల్లలు కదిలితేనే పైన ఇసుక దిగుతుంది. నా నోట్లోంచి మాట ఊడిపడే లోపే ముసలమ్మ లేచి ఇంటికి నడిచింది. ఎక్కడికని అడిగితే, బియ్యం నానబోయాల, అత్తారింటికి పంపే పిల్లలకి చలిమిడి లేకుండా ఎట్టా పంపుతావు అంది.

తెలతెలవారుతుండగా ఇసుక ఉడికినట్టు పొంగింది. నల్లగా, అరచేతిలో పట్టేంత పిల్లలు ఒకదాని మీదుగా ఒకటి ఎక్కుతూ, రెక్కల్లాంటి చేతులు ఆడించుకుంటూ వచ్చేశాయి. దడి తలుపు తీశాం. వేటకి బయల్దేరిన పడవలు ఆగిపోయాయి. ఆడవాళ్ళు, పిల్లలు, వలలు భుజానేసుకున్న మగవాళ్ళు అటూ ఇటూ రెండు వరసలుగా నిలబడి దారి ఇచ్చారు. మొదటి పిల్లని మొదటి అల వెనక్కి తోసేసింది. అందరూ అయ్యో అన్నారు. రెండో అల దాన్ని ఎత్తుకుపోయింది. అప్పుడు ఆ ఒడ్డున లేచిన కేక, పెళ్ళిళ్ళలో బాజాల కంటే గొప్పగా, ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. పట్టా కింద నడిమధ్యన ఉన్న కొన్ని గుంటలు పైకి రాలేదు, అది నిజం. మిగిలినవన్నీ ఆ వారం పొడుగునా పొంగుతూనే ఉన్నాయి. చలిమిడి ఊరందరికీ పంచారు. కులపెద్ద తన వాటా నోట్లో వేసుకుని మా తమ్ముడి భుజం తట్టాడు. మావాడు ఏడ్చేశాడు.

ఇసుక వేడెక్కితే పిల్లలు ఎక్కువగా ఆడవే అవుతాయని తర్వాత మాటల్లో చెప్పాను. అంతే, తన పట్టా పుణ్యాన ఆ ఊరికి అంతమంది ఆడపడుచులు దక్కారని వాడు బతికినన్నాళ్ళూ చెప్పుకుని తిరిగాడు. ఆడదో మగదో చూసి తేల్చడానికి వీల్లేదని నేనెంత మొత్తుకున్నా వినలేదు.

ఆ ఎండాకాలమే పల్లెపాలెంలో టముకు వేయించి కట్టుబాటు చేశారు. గుడ్లు ఎవరూ తియ్యకూడదు. వలలో తాబేలు పడితే వల కోసైనా వదిలెయ్యాలి, కోసిన వలని ఊరంతా కలిసి కూర్చుని అల్లివ్వాలి. ఈ వల అల్లివ్వాలన్న ముక్క నేను చెప్పింది కాదు, వాళ్ళే కలుపుకున్నారు. ఆ ముక్కతోనే కట్టుబాటు నిలబడింది. పక్క పాలెం వాళ్ళు వచ్చి చూసి వెళ్ళి తామూ అదే చేశారు, ఆ పక్కవాళ్ళూ చేశారు. మా తమ్ముడి ఊరి రైతులు ఏటా కట్టె పంపడం ఎప్పుడు ఆనవాయితీ అయిందో నాకు కూడా గుర్తు లేదు.

క్రితం ఏడు మా కోడలు కారులో ఒడ్డుకి తీసుకెళ్ళింది. నేను నడిచిన ఇసుక సగం సముద్రంలో కలిసింది, మిగిలినదాని వెనక రిసార్టుల దీపాలు వచ్చాయి. ముసలమ్మ లేదు, కులపెద్ద లేడు, మా తమ్ముడూ లేడు. కాళ్ళు సహకరించక చేతికర్ర ఆనించుకుని, తలుపు తీసున్న దడి లోపలికి అడుగేసి సముద్రం వంక చూస్తూ నిలబడ్డాను. ఇంతలో చంకలో బిడ్డతో ఒక పల్లెపాలెం కోడలు ఎదురొచ్చి గదమాయించింది.

"ఏమ్మా, కనపడట్లా? కర్ర ఆడ పొడవమాక, కింద గుడ్లున్నయ్యి. ఎవురు రానిచ్చారు నిన్ను?"

మా కోడలు కోపంగా నేనెవరో చెప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. కర్ర తీసుకుని రెండడుగులు వెనక్కి వేశాను. ఒకప్పుడు ఆ ఇసుకమీద నిలబడనివ్వమని ఆ ఊరిని బతిమాలుకున్నాను, ఇప్పుడు ఆ ఊరే నన్ను పక్కకి నెడుతోంది. నన్ను ఎరిగినవాళ్ళు అక్కడ ఒక్కరైనా మిగల్లేదే అని కారెక్కాక కాస్త దిగులేసిన మాట నిజం. కాని ఆ పిల్ల గదమాయింపు ఇచ్చినంత హాయిని జీవితంలో నాకు ఏ సన్మానమూ ఇవ్వలేదు.